సువైలిం దిగని లోతు

మా ఊరికి వెనక కొండలు, ముందు నీళ్లు. మనుషులకు మిగిలింది మధ్యలో కొంగు అంచంత నేల. ఆ అంచు మీద, అకబా రేవుకు కాస్త ఇవతల, ఖర్జూరపు చెట్ల నీడ నీళ్లను తాకే చోట గాజు పడవలు ముక్కులు ఇసుకలో దూర్చి నిద్రపోతుండేవి. వాటిలో ఆకుపచ్చ పడవ మా మావయ్య సువైలింది. మా మేనత్త వద్హా భర్త. భారీ మనిషి. ఆయన ఎక్కితే పడవ ఒకసారి నిట్టూర్చేది, దిగితే ఇంకోసారి.

గాజు పడవకు నడుమ అడుగుచెక్కలు తీసేసి మందపాటి గాజు పలకలు బిగిస్తారు. చుట్టూ బల్లలు. జనం బల్లల మీద కూర్చుని, మోకాళ్ల మధ్య నుంచి సముద్రంలోకి చూస్తారు. అమ్మాన్ నుంచి బస్సుల్లో దిగిన కుటుంబాలు, బడిపిల్లలు, కొత్తగా పెళ్లయిన జంటలు. పగడపు గుట్టలు, వాటి మీద చిలకల్లాంటి చేపలు. ఏ పడవ ఎక్కినా కింద కనిపించేవి అవే. ఒకచోట పగడాల గట్టు తెగిపోతుంది, అక్కడి నుంచి నీళ్లు నల్లబడతాయి. మిగతా పడవలవాళ్లు ఆ అంచు దగ్గరే వెనక్కి తిప్పేసేవాళ్లు. అవతల చూపించడానికి ఏముందని? సువైలిం మాత్రం అంచు దాటేవాడు. దాటి, ఇంజను ఆపేసేవాడు.

అంతవరకూ ఇంజను మోతలో దాగిన సముద్రం అప్పుడు పడవను మెల్లగా తట్టేది. గాజు కింద ఏమీ ఉండేది కాదు. దిగి దిగి వెలుతురు అలసిపోయిన నలుపు. అడుగు కోసం వంగిన పిల్లలకు గాజులో తమ మొహాలే కనిపించేవి.

"ఏం కనపడట్లేదు బాబాయ్!"

"కనపడదు. ఇందాకటిదాకా చూశారుగా. ఇక చెవులు ఇటివ్వండి."

చిన్నప్పుడు సెలవుల్లో నేనూ, ఆయన కూతురు మిజ్నా ఆ బల్లల మీదే పెరిగాం. ఆ మాటలన్నీ మాకు కంఠతా వచ్చు. అయినా ఇంజను ఆగగానే ఒళ్లు జలదరించేది.

"అదిగో, ఆ ఎర్ర కొండ చూడండి. ఒడ్డుకొచ్చి ఆగిపోయిందనుకుంటున్నారా? ఆగలేదు. కాళ్లు తడుపుకుని అలాగే నడుచుకుంటూ దిగిపోయింది. ఒడ్డు దాని నడుము. పాదాలు మన కింద ఎక్కడో ఉన్నాయి."

"ఎంత కింద?"

"పైన ఎంతుందో కిందా అంతే. తలకిందులుగా చూడు, తెలుస్తుంది."

ఎవడో ఒక గడుగ్గాయి నిజంగానే వంగి, కాళ్ల సందులోంచి కొండను చూసేవాడు. వాడి తల్లి వీపు మీద ఒక్కటిచ్చేది.

"దిగేటప్పుడు మొదట పోయేది ఎరుపు," అనేవాడు మావయ్య గొంతు తగ్గించి. "నీ చొక్కా ఎర్రగా ఉందే, అది వేసుకుని దిగావనుకో, కాసేపటికి బొగ్గు చొక్కా అయిపోద్ది. తర్వాత పసుపు పోద్ది. చివరిదాకా తోడొచ్చేది నీలం ఒక్కటే. అదీ ఒకచోట ఆగిపోయి, 'ఇక నావల్ల కాదు, మీరు వెళ్లిరండి' అంటుంది. అక్కణ్ణుంచి పగలు లేదు. లోకం పుట్టాక ఆ వీధిలో ఒక్కసారీ తెల్లారలేదు."

"మరి చేపలకి భయమెయ్యదా?"

"వాటి దీపాలు వాటికున్నాయి. కంటి కింద దీపం, గడ్డం కింద దీపం, కొన్నిటికి పొట్ట పొడుగునా బొత్తాల్లాగా దీపాలు. ఒకటి దీపం చూపించి రా రా అంటుంది. రెండోది నమ్మి వెళ్తుంది. మొదటిదానికి భోజనమైపోద్ది."

"అది మోసం!"

"మరి మీ నాన్న కొట్టు ముందు అన్ని దీపాలెందుకు పెట్టాడ్రా?"

పెద్దవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వు ఆగాక చెయ్యి చాపమనేవాడు. "మీ బొటనవేలి గోరు చూసుకోండి. దాని మీద నేనెక్కి నిలబడితే ఎలా ఉంటుంది? కింద నీళ్ల బరువు అంత. ఒంటి మీద గోరంత చోటు కూడా వదలకుండా ప్రతిచోటా ఒక సువైలిం నిలబడి ఉంటాడు."

"వద్దు బాబాయ్!"

"మరి అక్కడివాళ్లు పుట్టినప్పటినుంచీ మోస్తున్నారు, పాపం. వాళ్లకది బరువని తెలీదు."

చివరికి, పైనుంచి కిందికి రాలే పొడి గురించి చెప్పేవాడు. అది నాకు అన్నిటికన్నా ఇష్టం. పైన బతికి చచ్చిన ప్రతిదీ, రొయ్య పెంకూ, చేప పొలుసూ, నాచు తునకా, కంటికి ఆనని పురుగూ, అన్నీ పొడి పొడై కిందికి రాలుతుంటాయి. జల్లెడలోంచి పిండి రాలినట్టు. ఆగదు. చప్పుడుండదు. అడుగునున్నవాళ్లకు అదే అన్నం. తినగా మిగిలింది బురదై పరుచుకుంటుంది. నూరేళ్లు రాలినా వేలెడు ఎత్తు లేవదు.

"ఇక చలి!" అని భుజాలు కుదించుకునేవాడు. "పళ్లు టకటకలాడిపోయే చలి. పాపం ఆ చేపలకి కంబళ్లు కూడా లేవు." ఈ చలి సంగతి ఆయనకు ఒకప్పుడు రేవులో దిగిన ఏదో సరుకు ఓడ వంటవాడు చెప్పాడట.

ఇంత చెప్పాక ఎవరో ఒకరు అడక్క మానేవారు కాదు. "నువ్వు చూశావా బాబాయ్?"

ఆ ప్రశ్నకు మావయ్య దగ్గరున్న జవాబు ఇంజను తాడే. ఒక్క లాగు లాగేవాడు. పడవ మోత అందుకుని ఒడ్డుకు తిరిగేది.

వద్హా అత్తయ్య ఆ పడవ ఏనాడూ ఎక్కలేదు. ఆమె తమ్ముడు, మా చిన్న బాబాయి ఆయిద్, ఒక చలికాలం గాలం తాళ్లు వేసుకుని అంచు అవతలికి వెళ్లాడు. పడవ దొరికింది. మనిషి దొరకలేదు. పండగ పొద్దున మేమంతా సమాధుల దగ్గరికి వెళ్తే ఆమె ఇంటి మెట్ల మీద నీళ్లవైపు తిరిగి కూర్చుని పెదాలు కదిపేది. ఆమె తమ్ముడికి సమాధి ఆ నలుపే. దాని మీదే రోజూ ఇంజను ఆపి భర్త పిల్లలకు కబుర్లు చెబుతాడని ఆమెకు తెలుసు. ఎప్పుడూ ఏమీ అనలేదు. మావయ్య పడవ అంచు దాటేవేళకు మాత్రం కిటికీ తలుపు మూసేది.

ఇరాక్ యుద్ధం నడుస్తున్న రోజుల్లో రేవు నిండా లారీలు, ఊరి నిండా డీజిలు వాసన. ఆ వసంతంలో ఒక తెల్ల ఓడ వచ్చింది. సరుకు కోసం కాదు, సముద్రం కోసం వచ్చిందన్నారు. దాని వెనక భాగంలో సముద్రం అడుగుకు దిగే, పెద్ద గుమ్మడికాయలాంటి మూసిన పసుప్పచ్చ తొట్టి ఉంది. ముందు గుండ్రటి గాజు కన్ను, లోపల ఇద్దరికి చోటు. దాన్ని నడిపేవాడు వెర్నర్ అనే జర్మనీ మనిషి. ఈజిప్టులో చాలాకాలం పనిచేసి వచ్చాడు. మా భాషను ఈజిప్టు సినిమాలో విదూషకుడిలా మాట్లాడితే పిల్లలు పొట్ట పట్టుకునేవాళ్లు.

ఓడకూ ఒడ్డుకూ మధ్య మనుషుల్ని చేరవెయ్యడానికి మావయ్య పడవ మాట్లాడుకున్నారు. ఒక మధ్యాహ్నం బడిపిల్లలతో పాటు వెర్నర్ కూడా ఎక్కి కూర్చున్నాడు. అంచు దాటాక ఇంజను ఆగింది. ఎరుపు పోయింది, పసుపు పోయింది, దీపాలు వెలిగాయి, పిండి రాలింది. వెర్నర్ చెయ్యి గడ్డం కింద పెట్టుకుని పిల్లాడిలా విన్నాడు.

"చూసినవాడిలా చెప్తున్నావే!" అన్నాడు అయ్యాక.

"నేనా? మోకాలి లోతు దాటి దిగింది లేదు."

"దిగుతావా? మా ఆఖరి రోజున రెండో కుర్చీ ఖాళీ."

మావయ్య చెయ్యి ఇంజను తాడు మీదికి పోలేదు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు గాలిలోనే ఉంది. మిజ్నా నన్ను మోచేత్తో పొడిచింది. పిల్లలు బల్లలు చరిచి అరవడం మొదలెట్టారు. "దిగు బాబాయ్! దిగు!"

ఆ తొట్టిలో కూర్చునేవాడి బరువు ముందే తెలియాలట. ఇంట్లో తూకం లేదు. చేపల బజారుకు వెళ్లి, సొరచేపల్ని వేలాడదీసి తూచే కొక్కెం కింద గోనె ఉయ్యాల కట్టి అందులో కూర్చున్నాడు. బజారంతా మూగింది.

"మొప్పలు చూడండ్రోయ్, తాజాదేనా!"

"సువైలిం, నిన్ను కొయ్యాలంటే రెండు కత్తులు కావాలి!"

"కిలో ఎంతకిస్తావు? తోక నాకొద్దు!"

మావయ్య గోనెలో ఊగుతూ నవ్వాడు. ఎంత నవ్వాడంటే తూకం ముల్లు నిలవక, చేపలవాడు కసిరాడు: "కాసేపు చచ్చిన చేపలా ఉండవయ్యా, లెక్క తేలట్లేదు!" ఆయన్ని అంత సంతోషంగా నేను మళ్లీ చూడలేదు.

ఇంటికొచ్చి అత్తయ్యకు చెప్పాడు. ఆమె రొట్టె పిండి పిసుకుతోంది. పిండిలో చేతులు అలాగే ఆగాయి. "నీ ఇష్టం," అంది. మర్నాడు పొద్దున్నే నల్లటి పైవస్త్రం కప్పుకుని మా ఇంటికొచ్చింది. మా నాన్న దఖీల్ ఆమెకు పెద్దన్న. గదిలో వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. బయటికొచ్చినప్పుడు నాన్న మొహం ఎర్రగా ఉంది.

మావాళ్లలో ఒక మర్యాద ఉంది. పెద్ద కోరికతో ఒకరింటికి వెళ్లిన పెద్దమనుషులు, కాఫీ పోయగానే తాగరు. చిన్న గిన్నెను ముందు పెట్టుకుని ఊరుకుంటారు. ఇంటాయన 'తాగండి, మీరొచ్చిన పని అయినట్టే' అనాలి. గౌరవంగల ఇల్లయితే కోరికేమిటో అడక్కుండానే అంటారు. కాఫీ గొంతు దిగిందంటే మాట దిగినట్టే, మళ్లీ వెనక్కి రాదు. పిల్లనడిగేదీ అలాగే, కొట్లాటలు సర్దేదీ అలాగే.

ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక నాన్న, మా తెగ పెద్ద హాజీ ముఫ్లిహ్, ఇంకో ఇద్దరు మావయ్య ఇంటికి వెళ్లారు. నేను ముందే వెళ్లి మిజ్నాతో తెర వెనక కూర్చున్నాను. మా అన్న మర్జూక్‌కు మిజ్నాను చేసుకోవాలన్నది చిన్నప్పటి నుంచీ అనుకున్న మేనరికం. అడగడమొక్కటే మిగిలింది. అందుకే పెద్దలు వస్తున్నారని తెలియగానే మిజ్నా జడ విప్పి మళ్లీ అల్లుకుంది. అత్తయ్య మా పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె ఏమీ మాట్లాడకపోతే, తల్లి మనసు, కూతుర్ని పంపడం మరి, అనుకున్నాను.

మావయ్య కాఫీ పోశాడు. యాలకుల వాసన తెర దాటి వచ్చింది. హాజీ ముఫ్లిహ్ గిన్నె తీసుకుని కింద పెట్టాడు. నాన్న కూడా పెట్టాడు.

"ఏం హాజీ, చల్లారిపోతోంది," అన్నాడు మావయ్య. ఆ గొంతులో నవ్వు ఆగడం లేదు.

"చల్లారనీ. నీతో పనుండి వచ్చాం, అబూ మిజ్నా," అన్నాడు హాజీ, మిజ్నా తండ్రీ అని మర్యాదగా పిలుస్తూ.

"అయితే తాగండి. మీరొచ్చిన పని అయినట్టే."

"ముందు వినవయ్యా."

"వినేదేముంది హాజీ? ఇన్నాళ్లూ రాలేదేమా అని నేనే చూస్తున్నా. ఈ ఇంట్లో ఏదడిగినా మీదే. బావా, తాగు! నువ్వు తాగకపోతే నేనే పట్టుకుని తాగిస్తా."

మిజ్నా గోళ్లు నా అరచేతిలో దిగాయి. తెర సందులోంచి నాన్న కనిపించాడు. గిన్నె ఎత్తి, కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో తాగాడు. చేదు మందు తాగినట్టు. గిన్నె దించి, నేలను చూస్తూ అన్నాడు:

"ఆ తొట్టిలో దిగకు బావా."

మావయ్య ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "ఏ తొట్టి?"

నవ్వు ఆయన మొహం మీద దారి తప్పినట్టు కాసేపు తచ్చాడింది.

"మా ఇంటి ఆడకూతురు కంటికి కునుకు లేదు," అన్నాడు హాజీ ముఫ్లిహ్. "ఆయిద్ చాలు ఆ నీళ్లకి. రెండోవాణ్ణి ఇవ్వలేం. అదే మేమొచ్చిన పని."

మావయ్య తెర వైపు చూశాడు. పక్కన గోడకు ఆనుకున్న అత్తయ్య పైవస్త్రం కొస నోట్లో కుక్కుకుంది. చాలాసేపటికి కాఫీ కూజా అందుకున్న చప్పుడు వినిపించింది.

"తాగేశారుగా, అయిపోయింది," అన్నాడు. "ఇంకో గిన్నె పోయనా హాజీ?"

వాళ్లు వెళ్లేదాకా ఆయన గొంతులో మర్యాద చెడలేదు. మిజ్నా తెర వెనక నోరు మూసుకుని నవ్వింది, తర్వాత ఏడ్చింది. రెండూ ఎవరి కోసమో దానికే తెలియదు. ఇంత పెద్ద మాట తీసుకుని, ఆ చేత్తోనే పిల్లను కూడా అడగడానికి నాన్నకు మొహం చెల్లలేదు. ఒక ఏడు గడవనిద్దాం అనుకున్నాడు. ఆ ఏడులో మఆన్ ఊరి నుంచి ఎవరో వచ్చి, కాఫీ ముందు పెట్టుకుని, సరైన కోరిక అడిగారు. మిజ్నా అక్కడికి కోడలైపోయింది. మర్జూక్ ఈనాటికీ అంటాడు: "ఒక్క గిన్నె కాఫీలో ఇద్దర్ని ముంచారు కదే మీరంతా!"

వెర్నర్‌కు ఈ సంగతి చెబితే మొదట అర్థం కాలేదు. "భయపడ్డావా?" అని అడిగాడు. "మాటిచ్చాను," అన్నాడు మావయ్య. "నువ్వు కాఫీ తాగలేదుగా, వాళ్లేగా తాగింది?" అని వెర్నర్ వాదించాడు. మావయ్య తల అడ్డంగా ఊపాడు.

వేరే మనిషిని కూర్చోబెట్టే వ్యవధి లేదు. తొట్టి సమంగా దిగాలంటే మాత్రం ఖాళీ కుర్చీలో అంత బరువూ ఉండాలి. మావయ్య తనే పార పట్టుకుని పడవల దగ్గర ఇసుక తవ్వాడు. సంచులు నింపి, చేపల కొక్కెం మీద తూచాడు. ఈసారి బజారులో ఎవరూ జోకులెయ్యలేదు. తన బరువంత ఇసుకను తన పడవలోనే తీసుకెళ్లి ఓడకు అందించాడు. నేనూ మిజ్నా కూడా ఉన్నాం. సంచుల్ని కుర్చీలో సర్ది పట్టీ బిగిస్తుంటే చూశాం. ఎవరో తలవంచుకుని కూర్చున్నట్టు ఉంది.

తొట్టి నీళ్లలోకి దిగింది. మావయ్య పడవను దాని మీదికి తెచ్చి, ఇంజను ఆపి, గాజు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మేమూ వంగాం. గాజు కింద పసుప్పచ్చ రంగు ఆకుపచ్చగా మారింది, తర్వాత బూడిద రంగయింది. దాని దీపాలు రెండు కళ్లయి, ఒక కన్నయి, ఒక మిణుగురైంది. తర్వాత అది ఉందో, మేము ఉందనుకుంటున్నామో తెలియలేదు. మాకు కనిపించడం మానేసిన చాలాసేపటికి కూడా మావయ్య చూస్తూనే ఉన్నాడు. నుదురు గాజుకు ఆనించాడు. గాజు మీద ఆయన ఊపిరి ఒక తెల్లటి మరకై, చెరిగి, మళ్లీ మరకైంది.

మధ్యాహ్నం దాటాక వెర్నర్ పైకొచ్చాడు. నేరుగా మా పడవలోకి దూకి మావయ్య భుజాలు పట్టుకున్నాడు. ఏదేదో చెప్పాడు. దీపం ఆర్పేసి కూర్చుంటే చుట్టూ చిన్న చిన్న మెరుపులొచ్చాయన్నాడు. అడుగున బురద మీద ఒక రొయ్య, తన ఒంటికన్నా పొడుగు మీసాలతో నడుస్తోందన్నాడు. రాలేది నిజంగానే పిండిలా ఉందన్నాడు. మావయ్య అన్నీ విని ఒక్కటే అడిగాడు.

"చలిగా ఉందా?"

"లేదు! వేరే సముద్రాల్లో ఉంటుంది. మీ సముద్రం వేరు. అడుగున కూడా వెచ్చగానే ఉంది. మీ ఊళ్లో చలికాలం మధ్యాహ్నంలా."

మావయ్య నెమ్మదిగా తలాడించాడు. ఇన్నేళ్లుగా పిల్లల్ని వణికించాడు కదా.

ఓడ వెళ్లిపోయింది. పడవ మళ్లీ అంచు దాటడం మొదలెట్టింది. మాటలు మునుపటివే, కానీ ప్రతి మాటకూ ఊతకర్ర వచ్చింది. "దీపాలుంటాయి, వెర్నర్ చూశాడు." "పిండిలా రాలుద్ది, వెర్నర్ చెప్పాడు." పిల్లలు దాన్ని ఎలా పసిగడతారో, మునుపటిలా నోరు తెరుచుకుని వినడం మానేశారు. ఒకసారి ఒక పిల్ల నిష్ఠూరంగా అడిగింది: "అయితే ఆ వెర్నర్నే తీసుకురాలేకపోయావా?" ఆ తర్వాత మావయ్య అంచు దగ్గరే తిప్పేయడం అలవాటు చేసుకున్నాడు, మిగతా పడవలవాళ్లలాగే. పగడాలు చూపించేవాడు, రంగుచేపల పేర్లు చెప్పేవాడు. గాజు పడవకు అది చాలు. జనం తృప్తిగానే దిగేవాళ్లు.

అత్తయ్యకు ఇక కిటికీ మూయనక్కర్లేకపోయింది. అయినా ఆ వేళకు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడేది. పడవ అంచు దాకా వచ్చి, దాటకుండా వెనక్కి తిరగడం ఆమె కళ్లారా చూసేది. ఒకరోజు నేను వాళ్లింట్లో సయ్యాదియా చేపలన్నం తింటుంటే ఉన్నట్టుండి అంది:

"ఒక్కసారైనా తిట్టొచ్చుగా నన్ను!"

మావయ్య చేప ముల్లు తీస్తూ తలెత్తలేదు. "నిన్నెందుకు తిట్టడం? తాగమన్నది నేను."

"అడక్కుండా ఎందుకన్నావు?"

"మంచి కోరికనుకున్నా. తిను, అన్నం చల్లారిపోతోంది."

ఆమె లేచి వెళ్లి పొయ్యి దగ్గర ఏదో సర్దింది. సర్దడానికి అక్కడ ఏమీ లేదు.

నాన్న ముసలివాడయ్యాక, కాళ్లు ఈడ్చుకుంటూ వాళ్లింటికి వెళ్లాడు. నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. కూర్చోగానే అన్నాడు: "నీ మాట నీకు తిరిగిచ్చేస్తున్నా బావా. ఆ రోజు మేం అడిగింది ఏదీ అడగనట్టే."

మావయ్య నవ్వాడు. "ఇస్తే పుచ్చుకుంటా బావా. ఓడ ఏది మరి?"

ఇద్దరూ గుమ్మంలోంచి నీళ్లవైపు చూశారు. హోటళ్ల గోడలు లేచి, కనిపించే సముద్రం చీర మడతంత అయింది. నాన్న ఆ ఏడాదే పోయాడు.

నేను బడిలో టీచరుగా చేరాను. చాలా ఏళ్లకు మళ్లీ ఒక ఓడ వచ్చింది. దీనికి తొట్టి లేదు. మనుషులు దిగే రోజులు పోయాయట. తాడు కొసన దీపం, కెమెరా కట్టి వదులుతారు, అడుగు ఓడ మీద తెరలో కనిపిస్తుంది. బడిపిల్లల్ని రమ్మన్నారు. వస్తావా అని నేను మావయ్యను అడిగాను. అప్పటికి పడవ అమ్మేసి ఇంట్లోనే ఉంటున్నాడు. మనిషి సగమయ్యాడు.

"దిగనని మాటిచ్చాను గానీ చూడనని ఇవ్వలేదు," అని లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

గుమ్మం దగ్గర అత్తయ్య పైవస్త్రం కప్పుకుని నిలబడి ఉంది. "నేనూ వస్తా," అంది. జీవితంలో నీళ్ల మీదికి రావడం ఆమెకు అదే మొదలు. ఓడకు చేర్చే చిన్న పడవలో రెండు చేతులా మావయ్య మోచెయ్యి పట్టుకుంది. కళ్లు మాత్రం మూయలేదు.

ఓడ మీద నీడపట్టున తెర పెట్టారు. మా పిల్లలు ముందు కూర్చున్నారు. వెనక బల్ల మీద ఆ ఇద్దరూ. కెమెరా దిగుతోంది. మొదట నీలం, తర్వాత చిక్కటి నీలం, తర్వాత నలుపు. నలుపులో తెల్లటి నలుసులు పైకి ఎగిరిపోతున్నాయి. నిజానికి అవి రాలుతున్నాయి. కెమెరా వాటికన్నా తొందరగా దిగుతోంది. మావయ్య పెదాలు విడివడ్డాయి. ఏదో చెబుతాడనుకుని పిల్లల్ని ఊరుకోమన్నాను. ఆయన చూస్తూనే ఉన్నాడు.

చాలాసేపటికి తెర లేతగోధుమ రంగు తేరింది. అడుగు. మెత్తటి బురద మైదానం, ఎవరూ తొక్కని పిండి పరుపులా. అక్కడక్కడ చిన్న చిన్న బొరియలు, వాటి పక్కన గుప్పెడు మట్టికుప్పలు. ఏదో పాకి వెళ్లిన సన్నటి గీత ఒకటి, మొదలూ చివరా కనిపించకుండా. నలుసులు ఇప్పుడు సరిగ్గా కిందికే రాలుతున్నాయి, ఒక్కొక్కటీ ఎంతో ఆలోచించుకుని.

"టీచర్, చేపలేవి?" అన్నాడొకడు.

"ఇంకెప్పుడు మొదలవుద్ది?" అంది ఇంకో పిల్ల.

అత్తయ్య బల్ల మీద నుంచి ముందుకు వంగింది. ఆమె ఏం వెతుకుతోందో నాకు తెలుసు. దొరకదని ఆమెకూ తెలుసు. పెదాలు, పోయినవాళ్ల కోసం చదివే ఫాతిహా చదువుతున్నాయి. చదవడం అయ్యాక కూడా అలాగే చూస్తూ ఉంది. ఇన్నేళ్లూ కిటికీ వెనక నిలబడి ఆమె ఊహించుకున్నది ఇది కాదు. ఇక్కడ ఎవరూ ఎవర్నీ మింగడం లేదు. కల్లోలం లేదు. మధ్యాహ్నం నిద్రలో ఉన్న ఇల్లులా ఉంది.

"ఇంతేనా?" అంది. ఆ గొంతు పిల్లలకు వినపడలేదు.

"ఇంతే," అన్నాడు మావయ్య.

"ఇంత నిమ్మళంగా ఉంటుందా? దీనికా నేను నిన్ను పోనివ్వంది? ఏముందయ్యా ఇక్కడ, ఒట్టి బురద..."

మావయ్య తెర మీంచి కళ్లు తిప్పలేదు. ఆ లేతగోధుమ వెలుగు ఆయన ముడతల మీద పడుతోంది.

"అదే వద్హా," అన్నాడు. "అదే చూద్దామనుకున్నా."

ఆమె చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఓడవాళ్లు ఏదో మాట్లాడుకుంటున్నారు. తెరలో బురద కాస్త పొగలా లేచింది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని లాగింది.

"ఇంకాసేపు ఉంచమని చెప్పవే. ఆయన్ని చూడనియ్యి. వెళ్లి చెప్పు!"

నేను లేచి, పిల్లల మధ్య నుంచి దారి చేసుకుని, యంత్రం దగ్గరున్న మనిషి దాకా పరిగెత్తాను. అప్పటికే తాడు చుట్టడం మొదలైంది.